మూడొందల యాభై రూపాయల మైకు

మా నాయనమ్మకు నాట్ల పాటలు చాలా వచ్చు. కంటి ఆపరేషన్ కోసమని జనగామ పక్క ఊరి నుంచి తార్నాకలో మా ఇంటికి వచ్చింది. ఆదివారం తిరుగు ప్రయాణం. ఈలోపు ఆ పాటలు రికార్డు చేయాలని నా తాపత్రయం. ఫోన్లో ప్రయత్నిస్తే ఫ్యాను చప్పుడు, గది మోత, కింద రోడ్డు అన్నీ పాటతో సమానంగా వచ్చాయి. దగ్గరి గొంతునే గట్టిగా పట్టుకునే డైనమిక్ మైకు కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో జాలీ సొట్టపోయి, కంపెనీ పేరు చెరిగిపోయిన ఒకటి దొరికింది. మూడొందల యాభై.

డైనమిక్ మైకులో ఉండేది చాలా తక్కువ. ఒక పల్చటి పొర, దానికి అంటించిన సన్నటి రాగితీగ చుట్ట, చుట్టూ అయస్కాంతం. గొంతుకు పొర ఊగుతుంది, చుట్ట ఊగుతుంది, కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే, మనం ఇంటర్‌లో బట్టీ పట్టిందే. బ్యాటరీ లేదు, చిప్పు లేదు. అందుకే పాతవి కూడా బతికి ఉంటాయి. షూర్ కంపెనీ వాళ్ల ప్రసిద్ధమైన 55 యూనిడైన్ 1939లో వచ్చింది. మన ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది కూడా ఆ ఏడాదే. రెండూ ఇంకా నిలబడే ఉన్నాయి!

హాస్టల్లో ఫ్రెండు దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ అప్పు తెచ్చి మైకు తగిలించాను. వచ్చింది ఏమిటంటే, బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు గొంతు, దాని మీద గుయ్‌మని హమ్. "ఏం బిడ్డా, మైకు పాడుతలేదా?" అంది నాయనమ్మ. ఆశకొద్దీ ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ కూడా నొక్కేశాను. ఎంత పెద్ద తప్పో తర్వాత తెలిసింది.

మర్నాడు మైకు పట్టుకుని క్యాంపస్‌కు వెళ్లి, ఈసీఈ సీనియర్ అన్నకు చూపించాను. ఆయన మైకు వైపు చూడనే లేదు, కేబుల్ చూశాడు. ఒక కొసన మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో కొసన పి-38 జాక్. "ఇంటర్‌ఫేస్ రంధ్రం నడిమధ్యలో ఈ జాక్ పెడితే అది లైన్ ఇన్‌పుట్‌రా. మైకుకు కావలసిన గెయిన్ అక్కడ రాదు" అన్నాడు. మామూలు డైనమిక్ మైకు ఇచ్చేది ఒకటి, రెండు మిల్లీవోల్టులు. దాన్ని 50, 60 డెసిబెల్స్ పెంచాలి. రెండు కొసలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ వేస్తే గొంతు పెరిగింది. హమ్ కూడా పెరిగింది.

ఇక మల్టీమీటర్ తీశాం. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకటో పిన్ను గ్రౌండ్, రెండు, మూడు పిన్నులు సిగ్నల్. రెండుకీ మూడుకీ మధ్య 200 ఓమ్స్ దగ్గర చూపించింది. మీటర్ ముల్లు తగిలించినప్పుడల్లా మైకులోంచి సన్నగా 'టిక్' మని వినిపించింది. చుట్ట తెగలేదన్నమాట. పాత మైకు కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్ష మార్కెట్‌లోనే చేసుకోవచ్చు. జేబులో చిన్న మీటర్ ఉంటే చాలు.

తర్వాత ఒకటికీ మూడుకీ మధ్య పెట్టాం. సున్నా! అక్కడ ఏ కనెక్షనూ ఉండకూడదు. విప్పి చూస్తే, పాత ఓనరు తన యాంప్లిఫయర్ కోసం ఆ రెండు పిన్నుల్నీ తీగతో కలిపి సోల్డర్ చేశాడు. సరిగ్గా ఉన్న మైకులో 48 వోల్టులు రెండో, మూడో పిన్నులకు సమానంగా అందుతాయి కాబట్టి చుట్టలో కరెంటు పారదు. ఇక్కడ మూడో పిన్ను నేలకు దిగిపోయింది. నేను బటన్ నొక్కిన కాసేపూ దాదాపు ఏడు మిల్లీయాంపులు ఆ సన్నటి తీగలోంచే వెళ్లాయి. చుట్ట బతికిందంటే నా అదృష్టం. ఆ తీగ ఊడదీస్తే హమ్ ముప్పావు వంతు పోయింది. మిగతాది లాప్‌టాప్ రెండు పిన్నుల చార్జర్‌ది. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే అదీ పోయింది.

ఆన్ ఆఫ్ స్విచ్ కదిలిస్తే గరగరమనేది. కోఠి గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనర్ తెచ్చి, లోపలి పొరకు తగలకుండా కొంచెం కొట్టి, యాభైసార్లు ఆడించాను. అయినా కొంచెం మిగిలింది. దాంతో స్విచ్ తీగల్ని పక్కకు తీసి నేరుగా కలిపేశాను.

మీ మైకు మీద 50 కిలోఓమ్స్ అని రాసి ఉంటే మాత్రం కథ వేరు. దానికి ఆరు మీటర్ల కేబుల్ వేస్తే, మీటరుకు వంద పికోఫారడ్ల లెక్కన, ఐదు కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం అంతా తగ్గిపోతుంది. కేబుల్ పొట్టిగా ఉంచి, గిటార్ ఇన్‌పుట్‌కు తగిలించండి.

ఇంత చేసినా శ, స అక్షరాలు దుప్పట్లోంచి వచ్చినట్టే ఉన్నాయి. జాలీ విప్పితే కారణం కనిపించింది. లోపలి స్పాంజి ఏళ్లకు కుళ్లి నల్లటి జిగురైపోయింది. జాలీని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టి, పల్చటి కొత్త స్పాంజి కత్తిరించి వేశాను. అయస్కాంతానికి పట్టుకున్న ఇనుప రజనును సెల్లోటేపుతో మెల్లగా అద్ది తీశాను. ఊదకూడదు, స్పిరిట్ అసలే వద్దు. ఆ పొర ఉల్లిపొర లాంటిది.

శనివారం రాత్రి ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, చివరి మెట్రో వెళ్లేదాకా ఆగాం. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం. నాయనమ్మ పాడుతూ తల పక్కకు తిప్పినప్పుడల్లా గొంతు సన్నగిల్లేది. చివరికి మైకు ఆమె చేతికే ఇచ్చేశాను. రొట్టెల కర్రలా పట్టుకుని పదకొండు పాటలు పాడింది. నాలుగో పాటలో దగ్గు ఉంది. కత్తిరించలేదు.

ఆదివారం ఉప్పల్‌లో బస్సు ఎక్కబోతూ, "ఇంకోటి యాదికొచ్చింది బిడ్డా" అంది. మైకు ఇంట్లో ఉంది. ఆ పన్నెండో పాట ఫోన్లోనే, రింగ్ రోడ్డు హారన్లతో సహా, రికార్డయింది.