మోటారు పరీక్షకు ఏ కారు తగును?

మోటారుకారు నడుపుట నేర్చుకొనువారు సాధారణముగా రెండు ప్రశ్నలకు ఉత్తరము వెదకుచుందురు. పరీక్షయందు ఏమేమి చేయింతురు? ఆ పరీక్షకు ఏ కారును కొనిపోవలెను? మొదటిదానికి బదులు చెప్పువారు పెక్కుమంది కలరు. రెండవదానికి మాత్రము, "చిన్నది ఏదో యొకటి దొరకిన చాలును" అని చెప్పి తప్పుకొందురు. ఈ మాట యెంతవరకు సత్యమో విచారింపదలచితిమి. మన విద్యార్థులలో పలువురు చదువు ముగిసిన రెండు మూడేండ్లలో ఈ ప్రశ్న నెదుర్కొనవలసినవారే గనుక ముందుగా ఆలోచించుట మంచిది.

మొట్టమొదట శాసనము చెప్పునదేమో చూతము. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఈ విషయమునకు ఆధారము. పదునెనిమిదేండ్లు నిండనివారు కారు నడుపరాదు. నేర్చుకొనువారికి ముందుగా అభ్యాసపు లైసెన్సు నిత్తురు. అది ఆరు నెలలు చెల్లును; అది చేతికి వచ్చి 30 దినములు గడచినగాని పరీక్షకు పోరాదు. ఏ రకపు వాహనమునకు లైసెన్సు కోరుదుమో ఆ రకపు వాహనముమీదనే పరీక్ష జరుగవలెను. గేరులుగల మోటారుసైకిలుమీద ఉత్తీర్ణుడైనవానికి గేరులు లేనిదానికిని అది చాలును. లేనిదానిమీద ఉత్తీర్ణుడైనవానికి గలదానికి చాలదు. కార్లు 'తేలిక మోటారు వాహనములు' అను తరగతిలోనివి. ఈ తరగతిని చట్టము గేరులనుబట్టి విభజింపలేదు. కావున చిన్న కారుమీద పరీక్ష నిచ్చినవాడు లైసెన్సు రాగానే పెద్ద కారు నడుపబూనినను చట్టము అడ్డు చెప్పదు. చట్టము అడ్డు చెప్పని ఈ చోటనే మన వివేకము పనిచేయవలసియున్నది.

పరీక్షలో చేయవలసిన పనులను 1989వ సంవత్సరపు కేంద్ర నియమములు వివరించుచున్నవి. వెనుక చూపు అద్దమును సవరించుకొనుట, బండిని కుదుపు లేక కదలించి పై గేరువఱకు పోవుట, త్వరగా క్రింది గేరులకు దిగుట, కుడి యెడమలకు సరిగా తిరుగుట, వెనుకకు నడుపుట మొదలగునవి అందు చేరియున్నవి. ఎత్తైన వాలుమీద బండిని నిలిపి, వెనుకకు జాఱనీయక మఱల కదలించుట వీనిలో కష్టమైనది. చాలచోట్ల 'హెచ్' అక్షరమువలె ఏర్పఱచిన బాటలో ముందునకును వెనుకకును నడిపింతురు. ఈ పనులు అన్ని కార్లకు నొక్కటియే యైనను, ఇవి చేయు తీరు కారుకారునకు మాఱుచుండును.

ఇందుకు క్లచ్చియే మంచి నిదర్శనము. ఇంజను తిరుగుడును చక్రములకు అందించుటకును, విడదీయుటకును ఏర్పడిన సాధనము క్లచ్చి. పెడలును మెల్లగా పైకి వదలునప్పుడు ఒకచోట దాని పలక ఇంజనును పట్టుకొన నారంభించును. ఒక కారులో ఈ పట్టు పెడలు నేలకు దగ్గఱగా నున్నప్పుడే దొరకును. మఱియొక కారులో చాల పైకి వచ్చినగాని దొరకదు. ఆ స్థానమును కన్ను చూడలేదు, పాదమే యెఱుగవలెను. మఱియు డీసెలు ఇంజను మెల్లగా తిరుగునప్పుడే బలము చూపును గనుక క్లచ్చిని కొంచెము తొందరగా వదలినను సాధారణముగా ఓర్చుకొనును. చిన్న పెట్రోలు ఇంజనుకు అంత ఓర్పు లేదు. డీసెలు కారుమీద నెలదినములు నేర్చి, పరీక్షనాడు ఇతరుల పెట్రోలు కారు నెక్కినవాడు వాలుమీద ఇంజను ఆర్పివేసినచో అందు వింత యేమున్నది? ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇక పరిమాణము. మారుతి ఆల్టో వంటి చిన్న కారు పొడవు ఇంచుమించు మూడున్నర మీటర్లు. టొయోటా ఇన్నోవా పొడవు నాలుగు ముప్పావు మీటర్లకు దగ్గఱగా నుండును. ఇరుకు బాటలో వెనుకకు పోవునప్పుడు ఈ భేదము స్పష్టముగా తెలియును. చిన్న కారు తక్కువ చోటులో తిరుగును. దాని నాలుగు మూలలు ఎచ్చట నున్నవో కూర్చున్న చోటినుండి గుర్తించుట సులభము. కావున రెండు కార్లును సమానముగా అలవాటైనవారు పరీక్షకు చిన్నదానిని కోరుట తప్పు కాదు. కాని అలవాటు లేని చిన్న కారుకంటె అలవాటైన పెద్ద కారే మేలని మా యభిప్రాయము. వెనుక దృశ్యమును తెరమీద చూపు కెమెరాలు ఇప్పటి కార్లలో నున్నవి. వానినే నమ్ముకొనక అద్దములను చూచుటయు, మెడ త్రిప్పి చూచుటయు అభ్యసింపవలెను.

శిక్షణశాల కారును గూర్చి ఒక మాట. శిక్షణశాలల కార్లలో గురువు తన కాలితో బండిని ఆపుటకు వీలుగా జంట పెడళ్లు ఉండవలెనని నియమము కలదు. నేర్చుకొనువానికిని, బాటసారులకును ఇది గొప్ప రక్షణ. అయినను ఇందులో నొక మోసము దాగియున్నది. గురువు చల్లగా బ్రేకు నొక్కుచుండ, శిష్యుడు తానే నొక్కితినని తలచును. కావున కడపటి పాఠములలో గురువును కాళ్లు ప్రక్కకు తీసికొని కూర్చుండుమని కోరి, ఆయన యెన్ని పర్యాయములు కలుగజేసికొనవలసివచ్చెనో అడిగి తెలిసికొనవలెను. ఒక్క పర్యాయమును లేనినాడు ఆ కారు పరీక్షకు తగినదే.

ఇంటి కారును కొనిపోవువారు దాని ఆరోగ్యమును ముందుగా చూచుకొనవలెను. రిజిస్ట్రేషను, భీమా, పొగ పరీక్ష పత్రములు చెల్లుబాటులో నుండవలెను. దీపములు, కొమ్ము, బ్రేకులు, టైర్లు సరిగా నున్నవో ముందునాడే పరిశీలింపవలెను. తెల్లని పలకమీద ఎఱ్ఱని 'ఎల్' అక్షరము ముందును వెనుకను కనబడవలెను. పరీక్షాస్థలమునకు పోవు దారిలో సైతము లైసెన్సుగల శిక్షకుడు ప్రక్కన కూర్చుండవలెను.

గేరులు తమంతట మాఱు కార్లు ఇప్పుడు పెరుగుచున్నవి. ఇంట నున్నది అట్టి కారే యైనచో దానిమీదనే నేర్చుకొనవచ్చును. అయితే ముందుముందు గేరుల కారు నడుపవలసివచ్చువారు, చట్టము అడుగకున్నను, క్లచ్చి నేర్చుకొనుట మేలు. అంగవైకల్యముగల వారికొఱకు తగిన మార్పులు చేసిన వాహనములను చట్టము వేఱు తరగతిగా గుర్తించినది. వారు తమ శరీరమున కమరిన వాహనముమీదనే పరీక్ష నీయవచ్చును.

మన విద్యార్థులలో కొందఱు పైచదువులకు బ్రిటనుకు పోవుట కలదు గనుక అచ్చటి పద్ధతిని గూడ తెలుపుదుము. భారతదేశపు లైసెన్సుతో అచ్చట నివసించువారు మొదటి 12 నెలలే కారు నడుపవచ్చును. పిమ్మట అచ్చటి పరీక్షలలో ఉత్తీర్ణులు కావలెను. 1935వ సంవత్సరము జూను 1వ తేదీనుండి అచ్చట పరీక్ష నిర్బంధమైనది. గేరులు తమంతట మాఱు కారుమీద పరీక్ష నిచ్చినవారికి అట్టి కార్లకే లైసెన్సు దొరకును. సొంత కారు తెచ్చినచో పరీక్షకునికొఱకు లోపల మఱియొక అద్దము నమర్పవలెను. కారులో హెచ్చరిక దీప మేదైన వెలుగుచున్నచో పరీక్ష జరుగదు, చెల్లించిన రుసుము పోవును. నలుదిక్కులు చక్కగా కనబడవను కారణమున టొయోటా ఐక్యూ వంటి కొన్ని కార్లను పరీక్షకు అంగీకరింపరు. మనము వివేకమునకు విడిచినదానిలో కొంత అచ్చట నియమమైనది.

పరీక్ష తప్పినచో మన చట్టము ప్రకారము ఏడు దినముల పిమ్మట మఱల పోవచ్చును. మూడు పర్యాయములు తప్పినచో 60 దినములు ఆగవలెను. ఇది పెద్ద నష్టము కాదు. సులువైన బండిమీద గట్టెక్కి, నేర్వని బండితో వీథిలో పడుటయే పెద్ద నష్టము. 2022వ సంవత్సరములో మన దేశపు రహదారులమీద 1,68,491 మంది ప్రమాదములలో మరణించిరి. పరీక్షాధికారి చూచునది కొన్ని నిమిషములు మాత్రమే. ఆ తరువాత చూచువారు బడికి పోవు పిల్లలు, బాట దాటు వృద్ధులు. కావున చదువరులారా, పరీక్షనాటి సౌకర్యముకొఱకు గాక, పరీక్ష మఱునాడు మీరు నడుపబోవు దారికొఱకు కారు నెన్నుకొనుడు. ఏ కారును రేపు నడుపుదురో ఆ కారుమీదనే నేడు నేర్చి, దానిమీదనే పరీక్ష నిండు. అప్పుడు లైసెన్సు చెప్పు మాటయు, మీ చేయి చెప్పు మాటయు ఒక్కటియే యగును.