విమ్‌లో ఎర్రర్ వస్తే ఫైల్ పోయినట్టు కాదు: ఏ కీ అయినా నొక్కే ముందు చదవండి

మొన్న రాత్రి పదకొండు దాటాక మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. బీటెక్ రెండో ఏడాది చదువుతోంది. "మామూ, కరెంట్ పోయి వచ్చింది. నా ప్రోగ్రామ్ తెరుస్తుంటే స్క్రీన్ నిండా ఏదో ఇంగ్లీషు వస్తోంది. రెండు గంటలు కూర్చుని రాసిందంతా పోయినట్టుంది. రేపు పొద్దున్నే ల్యాబ్‌లో చూపించాలి" అంది. గొంతులో ఏడుపు. కాసేపాగి, "కింద డిలీట్ అని ఒకటి ఉంది, అది నొక్కేయనా? ఈ మెసేజ్ పోతుందేమో" అంది.

"ఆగు బేటా, ఏ కీ నొక్కొద్దు. మొదటి లైను నుంచి నాకు చదివి వినిపించు" అన్నాను.

ఆ ఒక్క కీ నొక్కి ఉంటే రెండు గంటల పని నిజంగానే పోయేది. ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇంజనీరింగ్, డిప్లొమా, ఎంసీఏ చదువుతున్నారు. పాత కంప్యూటర్ కొని, అందులో ఉచితంగా దొరికే ఉబుంటు లినక్స్ వేసుకుని ప్రాక్టీస్ చేస్తున్నారు. ప్రోగ్రామ్ రాయడానికి చాలామంది వాడేది విమ్ ఎడిటర్. అందులో ఎర్రర్ రాగానే "కంప్యూటర్ పాడైంది" అనుకుని షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించేవాళ్లూ ఉన్నారు. డబ్బు పోతుంది, చేసిన పనీ పోతుంది. నిజానికి ఆ ఎర్రర్‌లోనే దాని మందు కూడా ఉంటుంది. తరచుగా వచ్చేవి ఇక్కడ చూద్దాం. కీబోర్డు మీద కొట్టాల్సిన అక్షరాలను పలికే తీరులోనే రాస్తున్నాను.

ఇ325: స్వాప్ ఫైల్ దొరికింది

మా అమ్మాయికి వచ్చింది ఇదే. విమ్‌లో మనం ఏదైనా ఫైల్ తెరవగానే, అదే ఫోల్డర్‌లో అది ఇంకో ఫైల్ కూడా తయారు చేసుకుంటుంది. దాన్నే స్వాప్ ఫైల్ అంటారు. పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా కనబడదు. మనం 200 అక్షరాలు కొట్టినప్పుడల్లా, లేదా 4 సెకన్లు ఏమీ కొట్టకుండా ఆగినప్పుడల్లా, కొత్తగా రాసింది అందులోకి వెళ్తుంది. మనం సేవ్ చేయకపోయినా సరే. ఎడిటర్‌ని సరిగ్గా మూస్తే ఆ స్వాప్ ఫైల్ దానంతట అదే పోతుంది. కరెంట్ పోతే మాత్రం అక్కడే ఉండిపోతుంది. మళ్లీ ఫైల్ తెరిచినప్పుడు విమ్ చెప్పేది అదే: "పాత స్వాప్ ఫైల్ ఒకటి ఉంది, ఏం చేయమంటావు?"

ఆ సందేశంలో రెండు విషయాలు వెతకండి.

ఒకటి, "మోడిఫైడ్" అన్న చోట "యెస్" అని ఉందా? ఉంటే సేవ్ కాని పని ఆ స్వాప్ ఫైల్లో ఉందన్నమాట. "నో" అని ఉంటే అందులో కొత్తగా ఏమీ లేదు.

రెండు, "ప్రాసెస్ ఐడీ" పక్కన "స్టిల్ రన్నింగ్" అని ఉందా? ఉంటే కరెంట్‌తో సంబంధం లేదు. అదే ఫైల్ ఇంకో చోట తెరిచే ఉంది. అప్పుడు క్యూ నొక్కి బయటికి వచ్చి, ఆ తెరిచి ఉన్న దాని దగ్గరికే వెళ్లాలి.

"మోడిఫైడ్ యెస్" ఉండి, "స్టిల్ రన్నింగ్" లేకపోతే ఆర్ నొక్కండి. ఆర్ అంటే రికవర్. రికవరీ పూర్తయింది, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోమని విమ్ చెబుతుంది. అప్పుడు వెంటనే పాత పేరు మీద సేవ్ చేయకండి. కోలన్, డబ్ల్యూ, ఒక ఖాళీ, ఆ తర్వాత కొత్త పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. కొత్త పేరుతో ఒక కాపీ తయారవుతుంది. పై నుంచి కింద దాకా చదివి, కంపైల్ చేసి చూసుకోండి. బాగుంటే అప్పుడు పాత పేరు మీద కూడా సేవ్ చేసి బయటికి రండి. మళ్లీ ఫైల్ తెరిస్తే అదే సందేశం ఇంకోసారి వస్తుంది, ఎందుకంటే పాత స్వాప్ ఫైల్ ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు డీ నొక్కి దాన్ని తీసేయొచ్చు. డీ ఎప్పుడూ చివరి పని, మొదటి పని కాదు.

కంట్రోల్ జడ్, కంట్రోల్ ఎస్

విండోస్ అలవాటుతో వచ్చే చిక్కులు ఇవి. ఏదో తప్పు కొట్టి, వెనక్కి తీసుకుందామని పిల్లలు కంట్రోల్ జడ్ నొక్కుతారు. అంతే, ఎడిటర్ మాయమై, "స్టాప్డ్" అన్న మాటతో ఖాళీ టెర్మినల్ వస్తుంది. ఫైల్ పోయిందనుకుని మళ్లీ తెరుస్తారు. అప్పుడొస్తుంది ఇ325, పక్కనే "స్టిల్ రన్నింగ్"! అసలు ఎడిటర్ ఎక్కడికీ పోలేదు, వెనక ఆగి ఉంది. టెర్మినల్లో ఎఫ్, జీ అని రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఎక్కడ వదిలారో అక్కడికే వస్తుంది. విమ్‌లో వెనక్కి తీసుకోవాలంటే ఎస్కేప్ నొక్కి, చిన్న యూ నొక్కాలి.

సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ నొక్కితే కొన్ని టెర్మినళ్లలో స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు. అక్కర్లేదు. అది టెర్మినల్‌కి "కాసేపు ఆగు" అని చెప్పే పాత కాలపు కీ. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

ఇ37, ఇ492

బయటికి వద్దామని కోలన్ క్యూ కొడితే ఇ37 వస్తుంది. "మార్పులు సేవ్ చేయలేదు, అయినా పోవాలంటే ఆశ్చర్యార్థకం పెట్టు" అని అర్థం. ఇక్కడే జాగ్రత్త. కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొడితే బయటికైతే వస్తారు, కానీ సేవ్ కానిదంతా పారేసి వస్తారు. పని ఉంచుకోవాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టాలి.

ఇ492 అంటే "ఇలాంటి కమాండ్ లేదు" అని. చాలాసార్లు కారణం క్యాప్స్ లాక్. చిన్న డబ్ల్యూ కొట్టాల్సిన చోట పెద్ద డబ్ల్యూ పడుతుంది. క్యాప్స్ లాక్ తీసేసి మళ్లీ కొట్టండి.

ఇ45, ఇ212: సేవ్ కానివ్వదు

ఫైల్ మీద మీకు రాసే హక్కు లేనప్పుడు ఇ45 వస్తుంది. ఒకప్పుడు సుడో పెట్టి ఆ ఫైల్ తయారు చేసి ఉంటారు. అందుకే దాని యజమాని మీరు కాదు, రూట్. ముందు మీ పని కాపాడుకోండి: కోలన్, డబ్ల్యూ, ఖాళీ, ఆ తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లో వేరే పేరు. అది అయ్యాక టెర్మినల్లో ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొడితే యజమాని పేరు కనిపిస్తుంది. అక్కడ రూట్ అని ఉంటే, సుడో, ఆపై సీ హెచ్ ఓ డబ్ల్యూ ఎన్, మీ యూజర్ పేరు, ఫైల్ పేరు వరుసగా, మధ్యలో ఖాళీలతో కొట్టండి. ఇది మీరే తయారు చేసుకున్న ఫైళ్లకే. సిస్టమ్ ఫోల్డర్లలోని ఫైళ్లకు ఇలా చేయొద్దు. ప్రతిదానికీ సుడో పెట్టే అలవాటు మానుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇ212 అంటే రాయడానికి ఫైల్ తెరవలేకపోతున్నానని. హక్కు లేకపోయినా వస్తుంది, మీరు చెప్పిన ఫోల్డర్ అసలు లేకపోయినా వస్తుంది. ఫోల్డర్ పేరులో అక్షరం తప్పు పడిందేమో ముందు చూడండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం లినక్స్‌లో వేర్వేరు.

బాణం కీ నొక్కితే ఏ, బీ, సీ, డీ

కొత్తగా ఉబుంటు వేసుకున్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఉబుంటుతో వచ్చేది విమ్‌లో చిన్న రకం. వీఐ అని కొడితే అదే తెరుచుకుంటుంది. రాస్తూ బాణం కీలు నొక్కితే అక్షరాలు పడతాయి. కీబోర్డు బాగానే ఉంది, మార్చకండి. ఇంటర్నెట్ పెట్టుకుని సుడో, ఏపీటీ, ఇన్‌స్టాల్, విమ్ అని ఖాళీలతో కొడితే పూర్తి విమ్ వస్తుంది.

వేరే ఏ ఎర్రర్ వచ్చినా భయపడక్కర్లేదు. ఇ తర్వాత ఉన్న నంబరు చూసుకుని, కోలన్, హెల్ప్, ఖాళీ, ఇ తో కలిపి ఆ నంబరు కొట్టండి. పూర్తి విమ్‌లో చాలా ఎర్రర్లకు వివరం లోపలే ఉంటుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మెసేజ్ చదివేలోపే మాయమైతే కోలన్ మెసేజెస్ అని కొడితే మళ్లీ కనబడుతుంది.

విమ్‌ని తయారు చేసిన బ్రామ్ మోలెనార్ నెదర్లాండ్స్ దేశస్థుడు. 1991లో దాన్ని అందరికీ ఇచ్చాడు, 2023లో చనిపోయేదాకా చూసుకుంటూ వచ్చాడు. దానికి డబ్బు అడగలేదు. నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండని మాత్రం కోరాడు. ఫైల్ పేరు లేకుండా విమ్ తెరిస్తే ఆ మాట ఇప్పటికీ మొదటి స్క్రీన్ మీద కనిపిస్తుంది. అర్ధరాత్రి మన పిల్లలు చూసి బెదిరిపోయే ఆ ఇ325 సందేశం కూడా బెదిరించడానికి పెట్టింది కాదు, వాళ్ల పని పోకుండా ఆపడానికి పెట్టింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఆర్ నొక్కింది. ప్రోగ్రామ్ అంతా తిరిగి వచ్చింది. కరెంట్ పోయే ముందు కొట్టిన చివరి లైను ఒక్కటే లేదు. అది మళ్లీ రాసుకుని, కంపైల్ చేసుకుని పన్నెండింటికి పడుకుంది. అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే. పిల్లలు "పోయింది" అని ఏడిస్తే ప్రోగ్రామింగ్ మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. పక్కన కూర్చుని, "ఏ కీ నొక్కకు, ముందు చదువు" అని చెప్పండి చాలు.