తప్పు నెట్‌ది కాదు

పాత కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టించి విండోస్ 7 మళ్లీ వేయించుకున్నవాళ్లకు తరచుగా ఒక చిక్కు ఎదురవుతుంది. మిషన్ చకచకా ఆన్ అవుతుంది, ఫోల్డర్లు వెంటనే తెరుచుకుంటాయి. అప్‌డేట్ల కోసం వెతకమంటే మాత్రం ఆకుపచ్చ గీత కదులుతూనే ఉంటుంది. గంటలు గడిచినా ఒక్క అప్‌డేట్ పేరైనా కనిపించదు. ముందుగా నింద పడేది నెట్ మీద. ఆ తర్వాత ర్యామ్ చాలలేదంటారు. చివరికి విండోస్ సరిగ్గా పడలేదని మళ్లీ ఫార్మాట్ కొడతారు. ఈ మూడింటిలో ఏదీ అసలు జబ్బును తాకదు. మూడోదైతే కథను మళ్లీ మొదటికి తెస్తుంది.

నెట్ తప్పు కాదనడానికి సాక్ష్యం ఆ మిషన్‌లోనే ఉంది. వెతుకులాట సాగుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. నెట్‌వర్క్ గీత దాదాపు నేలబారుగా ఉంటుంది, అంటే డౌన్‌లోడ్ ఇంకా మొదలే కాలేదు. ప్రాసెసర్‌లో మాత్రం ఒక కోర్ పూర్తిగా బిజీగా ఉంటుంది. రెండు కోర్ల మిషన్ అయితే వాడకం 50 శాతం దగ్గర, నాలుగు కోర్లదైతే 25 శాతం దగ్గర గంటల తరబడి నిలిచిపోతుంది. ఆ భారమంతా విండోస్ అప్‌డేట్ సర్వీసును మోస్తున్న ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రామ్‌ది. మెమరీలో అది వందల ఎంబీలు తింటుంది, ఒక్కోసారి జీబీ కూడా దాటుతుంది. అంటే కంప్యూటర్ దేనికోసమో ఎదురుచూడటం లేదు, తనలో తాను లెక్క కట్టుకుంటోంది.

ఏమిటా లెక్క? ప్రతి అప్‌డేట్ తన వెంట కొంత సమాచారం తెస్తుంది: తాను ఏ మిషన్‌కు సరిపోతుంది, అంతకుముందు వచ్చిన ఏ అప్‌డేట్ స్థానంలోకి వస్తోంది. ఆ ముందుది ఇంకా ముందుదాని స్థానంలో వచ్చి ఉంటుంది. స్థలం కొనేటప్పుడు వకీలు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఇది కూడా. అమ్మేది చివరి యజమానే అయినా, ఆయనకు ఎవరు అమ్మారు, వారికి ఎవరు అమ్మారు అని వెనక్కి వెళ్లక తప్పదు. విండోస్ 7కు సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది 2011 ఫిబ్రవరిలో. మన చేతిలోని డిస్క్ సాధారణంగా అక్కడే ఆగి ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన గొలుసులన్నీ తాజాగా వేసిన మిషన్‌లో ఒక్కసారే విచారణకు వస్తాయి. నెలనెలా అప్‌డేట్ అవుతూ వచ్చిన మిషన్‌కు ఇంత బరువు ఉండదు. శుభ్రంగా ఫార్మాట్ కొట్టిన కంప్యూటరే ఎక్కువ ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

ఇదే జబ్బు 2013లో విండోస్ ఎక్స్‌పీకి పట్టింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అప్‌డేట్ల గొలుసు బాగా పొడవైంది. దాన్ని తిరగేసే పద్ధతి ఎంత పేలవంగా ఉందంటే, గొలుసులో లింకులు పెరిగేకొద్దీ పట్టే సమయం రెట్టింపులు రెట్టింపులుగా పెరిగేది. మైక్రోసాఫ్ట్ కాలం చెల్లిన లింకులను జాబితా నుంచి తీసేశాకే ఊరట దొరికింది. వాడేవాళ్లు నెట్ మార్చలేదు, ర్యామ్ పెంచలేదు. విండోస్ 7 విషయంలో 2016 జులై అప్‌డేట్ రోలప్ (కేబీ 3172605) లెక్క కట్టే ప్రోగ్రామ్‌నే మార్చింది. అది పడ్డాక, అదే మిషన్‌లో, అదే నెట్‌తో గంటల వెతుకులాట నిమిషాలకు దిగింది. అయితే ర్యామ్‌కు పాత్రే లేదనలేం. ఒక జీబీ, రెండు జీబీల మిషన్‌లో ఆ లెక్క మెమరీలో పట్టక హార్డ్‌డిస్క్ మీదికి పొర్లుతుంది. అప్పుడు గంటల పని రోజంతా సాగుతుంది. ర్యామ్ పెంచితే ఆ అదనపు జాప్యం పోతుంది, మూలం పోదు.

విండోస్ 10 అమ్ముకోవడానికే కంపెనీ 7ను కావాలని కుంటిదాన్ని చేసిందని అనేవాళ్లూ ఉన్నారు. అనుమానానికి చోటు లేకపోలేదు. 2015 జులై 29 నుంచి ఏడాదిపాటు విండోస్ 10 ఉచితమన్నారు, దాన్ని వేసుకోమని పాత మిషన్లలో నోటీసుల మీద నోటీసులు పెట్టారు. కానీ విండోస్ 10 రాకముందే, 2013లోనే, ఎక్స్‌పీ ఇదే విధంగా చతికిలబడింది. పైగా విండోస్ 7కు మందు కూడా అదే కంపెనీ ఇచ్చింది. ఇది పన్నాగం కంటే నిర్లక్ష్యంలాగే కనిపిస్తుంది. కస్టమర్‌కు రెండింటి ఫలితం ఒకటే అన్నది వేరే సంగతి.

జబ్బు లెక్కలో ఉంది కాబట్టి, లెక్క కట్టేదాన్ని ముందు బాగుచేయాలి, ఆ తర్వాతే వెతకమనాలి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్ నుంచి కావలసిన ప్యాకేజీలను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకోవచ్చు. 32 బిట్, 64 బిట్ ప్యాకేజీలు వేరువేరు, అది గమనించాలి. ముందుగా 2015 ఏప్రిల్ సర్వీసింగ్ స్టాక్, అంటే అప్‌డేట్లను మిషన్‌లో ఎక్కించే భాగం (కేబీ 3020369) వేయాలి. తర్వాత సర్వీస్ ప్యాక్ 1 నుంచి 2016 ఏప్రిల్ దాకా వచ్చినవాటిలో చాలావాటిని ఒకే మూటగా కట్టిన రోలప్ (కేబీ 3125574), ఆపైన జులై రోలప్. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ప్యాకేజీ మీద డబుల్ క్లిక్ చేస్తే అది కూడా ముందు మిషన్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతుంది, వెనక సాగుతున్న పాత వెతుకులాటలో తానూ ఇరుక్కుంటుంది. అందుకే నెట్ తీసేసి, అప్‌డేట్ సెట్టింగ్‌ను ‘ఎప్పుడూ వెతకవద్దు’కు మార్చి, రీస్టార్ట్ చేశాకే మొదలుపెట్టాలి. సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ డిలీట్ చేయమనే సలహా కూడా ప్రచారంలో ఉంది. ఆ ఫోల్డర్ పాడైతే అది పనికొస్తుంది. లెక్క పొడవైనప్పుడు మాత్రం అప్పటిదాకా జరిగిన పనిని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టించడం తప్ప చేసేదేమీ లేదు.

ఇంత హైరానా ఎందుకు, రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి అదే అయిపోతుంది కదా అనవచ్చు. 2016లో కొందరికి అలాగే అయింది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2019 ఆగస్టు నుంచి వచ్చిన విండోస్ 7 అప్‌డేట్ల మీద షా-2 రకం డిజిటల్ సంతకమే ఉంది. 2020 మధ్యలో పాత షా-1 సర్వర్ దారులనూ ఆపేశారు. 2011 డిస్క్‌తో వేసిన విండోస్‌కు ఆ కొత్త సంతకం పోల్చుకోవడం తెలియదు. 2019 మార్చి సర్వీసింగ్ స్టాక్ (కేబీ 4490628), షా-2 ప్యాకేజీ (కేబీ 4474419) చేత్తో వేయకపోతే ఎన్ని రాత్రులు వదిలినా ఫలితం ఉండదు. అవి పడ్డాక 2020 జనవరి నెలవారీ రోలప్ (కేబీ 4534310) పెడితే మిషన్ చాలావరకు ఉచిత సపోర్టు ముగిసిన నాటి స్థితికి వస్తుంది.

పైగా ఆ ఎదురుచూపు ప్రమాదకరం కూడా. 2017 మే నెలలో వానాక్రై అనే కంప్యూటర్ పురుగు ప్రపంచమంతా పాకినప్పుడు అది దూరిన కంతకు ప్యాచ్ అప్పటికే ఉంది, మార్చిలోనే వచ్చింది. సోకిన మిషన్లలో అత్యధికం ఎక్స్‌పీవి కావు, విండోస్ 7వి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. సర్వీస్ ప్యాక్ 1 డిస్క్‌తో ఇప్పుడు వేసిన విండోస్‌లో ఆ కంత తెరిచే ఉంటుంది. ఇంట్లో రౌటర్ వెనక ఉన్న ఒంటరి మిషన్‌కు బయటి నుంచి ముప్పు కొంత తక్కువే. ఆఫీసులో, నెట్ సెంటర్‌లో అయితే పక్క మిషన్ నుంచి పురుగు పాకడానికి లాన్ కేబుల్ ఒక్కటే చాలు.

అసలు ఈ పాతదాన్ని పట్టుకు వేలాడటం దేనికన్నది గట్టి అభ్యంతరమే. డబ్బు కట్టిన సంస్థలకు ఇచ్చిన పొడిగింపు కూడా 2023 జనవరితో ముగిసింది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 చాలా పాత మిషన్లను అధికారికంగా ఒప్పుకోదు. బ్యాంకు లావాదేవీలకు, ఈమెయిల్‌కు విండోస్ 7 వాడటాన్ని ఎంత అప్‌డేట్ చేసినా సమర్థించలేం. అలాంటి పనికి ఆ మిషన్‌లోనే లినక్స్ మింట్ వేసుకోవడం మేలు. కానీ పేజ్‌మేకర్, అను ఫాంట్లలో ఏళ్ల తరబడి పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు కూర్చిన డీటీపీ సెంటర్ తన పాత ఫైళ్లను ఒక్క రోజులో యూనికోడ్‌లోకి మార్చలేదు. కొత్త విండోస్‌కు డ్రైవర్ దొరకని స్కానర్ పెట్టుకున్న ల్యాబ్ పరిస్థితీ అంతే. ఇలాంటి చోట్ల విండోస్ 7 ఉండవచ్చు, నెట్ అక్కర్లేదు. ‘అన్ని అప్‌డేట్లూ కలిపేసిన విండోస్ 7’ అంటూ చేతులు మారే పెన్‌డ్రైవ్‌లలో ఇంకేం కలిపారో ఎవరికీ తెలియదు, వాటి జోలికి పోకపోవడమే మంచిది. కంపెనీ కేటలాగ్ నుంచి దించుకున్న ఆ ఆరు ప్యాకేజీలను వరుస నంబర్లు వేసి డిస్క్‌తో పాటు భద్రపరచుకుంటే, మళ్లీ ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినా లాన్ కేబుల్ తగిలించకుండానే పని పూర్తవుతుంది.