ఎంఆర్‌ఎన్‌ఏ టీకా: చీటీ చెరిగిన తరువాత

వైరస్‌లోని ఒక ప్రొటీన్‌ను తయారు చేయడానికి కావలసిన సూచనలను మోసే రసాయన చీటీయే ఈ టీకాలోని ఎంఆర్‌ఎన్‌ఏ. ఈ చీటీని బయటినుంచి లోపలికి పంపితే శరీరం దానిని శత్రువుగా భావించి వాపు పుట్టించేది. దానిలోని యూరిడిన్‌కు బదులు సూడోయూరిడిన్ ఉంచితే ఆ అలజడి తగ్గుతుందని శాస్త్రవేత్తలు కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో నిరూపించగా, 2023లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

కొవ్వు నానోకణాలలో పొదిగిన ఈ చీటీ భుజం కండరంలోకి చేరిన కొద్ది గంటలలోనే అక్కడి కణాలు కరోనా వైరస్ స్పైక్ ప్రొటీన్‌ను తయారు చేయడం మొదలుపెడతాయి. చేయి నొప్పి, జ్వరం శరీర రక్షణ వ్యవస్థ తొలి హెచ్చరిక ఫలితాలే. కండరంలోని చీటీ చాలావరకు కొద్దిరోజుల్లో చెరిగిపోయినా, అసలు పని అప్పటికి చంకలోని లింఫు కణుపులలో, జెర్మినల్ సెంటర్లనే తాత్కాలిక శిక్షణ శిబిరాలలో మొదలై ఉంటుంది. వేరుశనగ రైతు గట్టి కాయలను ఏరి విత్తి, పంటలో మళ్ళీ ఏరినట్టు, అక్కడ యాంటీబాడీలకు మూలమైన బీ కణాలు స్వల్ప మార్పులతో విభజన చెందుతుంటే, స్పైక్‌ను గట్టిగా పట్టగలిగినవే టీ కణాల సాయంతో నిలుస్తాయి. ఈ ఏరివేత రెండో మోతాదు తరువాత కనీసం 12 వారాలు సాగిందని, కొందరిలో 6 నెలల వరకూ కొనసాగిందని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లింఫు కణుపుల నమూనాలతో చూపారు.

అందుకే కొన్ని నెలలకు రక్తంలో యాంటీబాడీలు తగ్గడాన్ని టీకా వైఫల్యంగా చదవడం సరికాదు. తొలిదశలో వాటిని విడుదల చేసిన స్వల్పాయుష్షు ప్లాస్మా కణాలు మరణిస్తాయి. శిక్షణ పొందిన దీర్ఘాయుష్షు కణాలు ఎముక మజ్జలో స్థిరపడి కొద్దికొద్దిగా యాంటీబాడీలను స్రవిస్తూ ఉండగా, స్మృతి కణాలు మళ్ళీ వైరస్ ఎదురైతే వేగంగా పెరుగుతాయి. రూపం మార్చుకున్న వైరస్ సోకడాన్ని ఇవి పూర్తిగా ఆపలేకపోవచ్చు గాని, వ్యాధి తీవ్రతను తగ్గించడంలో వీటి పాత్ర పెద్దది.

2021 జనవరి 16న దేశమంతటా మొదలైన టీకాల కార్యక్రమంలో రాయలసీమలోని ప్యాపిలి వంటి మండలాలకు చేరినవి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కావు; ప్రధానంగా కోవిషీల్డ్, హైదరాబాదులో తయారైన కోవాక్సిన్. ఇవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలువ ఉండగలవు. మొదట మైనస్ 70 డిగ్రీలు కోరిన ఫైజర్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను రాయలసీమ ఎండలలో గ్రామాలకు మోయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. 2022 మేలో హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను రూపొందించి, దానితో ఎలుకలలో బలమైన యాంటీబాడీ స్పందన వచ్చిందని ప్రకటించారు. మరుసటి నెలలోనే అనుమతి పొందిన పుణె జెనోవా టీకా, కణంలో తన ప్రతులను తానే పెంచుకునే ఎంఆర్‌ఎన్‌ఏతో పొడి రూపంలో తయారై, మండల ఆరోగ్య కేంద్రాల మామూలు టీకా ఫ్రిజ్‌లలోనే నిలువ ఉండగలదు.