శ్రుతి దించినపుడు తంత్రి ఎంత లావుండవలెను?

హైదరాబాదులో అబిడ్స్‌కు సమీపముననే, రామకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కలదు. అట్టి కళాశాలలలో నేర్పు వీణను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. వాయించు నాలుగు తంత్రులును దాదాపు ఒకే పొడవు. అయినను సన్నని ఉక్కుతీగయగు సారణి హెచ్చుస్థాయిని పలుకగా, పైన వేరొక తీగ చుట్టిన లావుపాటి అనుమంద్రము తగ్గుస్థాయిని పలుకును. బేస్ గిటారునకును ఇదే సూత్రము వర్తించును.

తంత్రి సెకండుకు ఎన్నిసార్లు కంపించునో అది దాని పౌనఃపున్యము. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రచురించిన గ్రంథమున దీని నియమములను వివరించెను. తంత్రి పొడవు హెచ్చినకొలది పౌనఃపున్యము తగ్గును. బిగువు హెచ్చినకొలది హెచ్చును. తంత్రి బరువైనకొలది తగ్గును.

బేస్ గిటారులో లావుపాటి తంత్రి 'ఇ' స్వరమును, అనగా సెకండుకు 41.2 కంపనములను ఇచ్చును. సాధారణముగా దాని పొడవు 34 అంగుళములు, వ్యాసము 0.105 అంగుళము, బిగువు సుమారు 18 కిలోల బరువునకు సమానము. దీనిని 'డి' స్వరమునకు, అనగా 36.7 కంపనములకు, దించవలెననుకొందము. బిగువు పౌనఃపున్యపు వర్గముననుసరించి మారును. కనుక మర వదులుచేసి ఊరకున్నచో అది నూటికి 79 పాళ్లకు, అనగా సుమారు 14.3 కిలోలకు, పడిపోవును. వదులైన తంత్రి విస్తారముగా ఊగి మెట్లకు తగిలి గరగరలాడును. గట్టిగా మీటినచో తొలిక్షణమున శ్రుతి పైకి జారును.

దీనికి ఉపాయము బిగువును నిలిపి, తంత్రి లావును పెంచుట. బరువు వ్యాసపు వర్గముతో హెచ్చును. కనుక ఒకే పొడవు, ఒకే బిగువు, ఒకే తీరు నిర్మాణము గల తంత్రులలో పౌనఃపున్యము వ్యాసమునకు విలోమానుపాతములో ఉండును. పాత వ్యాసమును పాత పౌనఃపున్యముతో గుణించి, క్రొత్త పౌనఃపున్యముతో భాగించిన చాలును:

0.105 × 41.2 ÷ 36.7 = 0.118 అంగుళము.

ఇంకను దిగువనున్న 'బి' స్వరమునకు, అనగా 30.9 కంపనములకు, ఇదే లెక్క 0.140 చూపును. కాని మిక్కిలి లావైన తంత్రి బిరుసెక్కును. దాని అనుస్వరములు మూలస్వరమునకు సరియైన గుణిజములుగా ఉండక నాదము మసకబారును. సన్నని నడిమి తీగపై వేరొక తీగ చుట్టుట బిరుసు పెరుగకుండ బరువు పెంచుటకే. అయినను ఒక హద్దు కలదు. అందుచేత 'బి'కి తరచుగా 0.130తో సరిపెట్టుకొని కొంత బిగువును వదలుకొందురు, లేదా 35 అంగుళముల పొడవుగల గిటారును వాడుదురు.

ఉపాధ్యాయులు దీనిని సోనామీటరుపై చూపవచ్చును. ఒకే లోహపు తీగలు రెండు, ఒకదాని వ్యాసము రెండవదానికి రెట్టింపు, తీసుకొని సమానమైన బరువులు వ్రేలాడదీసినచో, లావుపాటిది ఒక స్థాయి క్రింద పలుకును.

అబిడ్స్‌లో తంత్రులు కొనబోవు విద్యార్థి ముందుగా ఏ స్వరమునకు దించదలచెనో నిశ్చయించుకొని ఈ లెక్క వేసికొనవలెను. లావు తంత్రి గాడిలో ఇముడునో లేదో కూడ చూచుకొనవలెను.