సముద్రతీరమున కుర్చీ, గొడుగు

మే నెల మధ్యాహ్నము ఉప్పల్ రింగురోడ్డు వద్ద వరంగల్లు బస్సు కొరకు నిలుచున్నవారికి నీడ విలువ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. బత్తాయిరసము బండిపై విప్పిన పెద్ద గొడుగు క్రింద నలుగురైదుగురు ఒదిగి నిలుచుందురు. అందులో రసము త్రాగువారు ఒకరిద్దరే. మిగిలినవారు నీడ కొరకు వచ్చినవారు. బండివాడు వారిని పొమ్మనడు. సముద్రము లేని మన హైదరాబాదు నుండి సముద్రతీరపు కుర్చీలను, గొడుగులను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కొద్ది గంటల కొరకు పరాయి చోట దిగినవాడు కూర్చొనుటకు ఇంత తావు, తలపై ఇంత నీడ వెదకుకొనుట ఎక్కడనైనను ఒక్కటియే.

ఈ రెండు మాటలును మన కళాశాలకు తగినట్టివే. తెలుగువారి ‘కుర్చీ’ అరబ్బీ భాషలోని ‘కుర్సీ’. ఉర్దూ ద్వారా మన ఇండ్లలోనికి వచ్చినది. ఉర్దూవారి ‘ఛత్రీ’ సంస్కృతమందలి ఛత్రశబ్దము నుండి పుట్టినది. కూర్చొనుటకు ఒకరి మాట, నీడకు మరియొకరి మాట!

ఇక విషయమునకు వత్తము. విహారనౌకలలో ప్రయాణించువారు ఒక రేవులో ఉదయము దిగి, నౌక బయలుదేరులోగా తిరిగి చేరుకొనవలెను. వారి బస నౌకలోనే గనుక ఊరిలో గది ఉండదు. తీరమందలి హోటళ్లు తమ కుర్చీలను సాధారణముగా తమ అతిథులకే ఉంచుకొనును. కావున నౌక దిగినవాడు అద్దెకిచ్చువారిని వెదకుకొనవలసినదే. మన తెలుగు తీరమునకు ఈ అవసరము ఇటీవల వచ్చినది. 2022 జూన్ నెలలో కార్డీలియా వారి ‘ఎంప్రెస్’ నౌక చెన్నై నుండి విశాఖపట్టణమునకు వచ్చినది. 2023 సెప్టెంబరు 4న అక్కడ సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన అంతర్జాతీయ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైనది.

నౌకాయానము మనవంటివారికి దూరపు మాటయే. అయినను, సికింద్రాబాదులో రాత్రి రైలెక్కి, తెల్లవారి విశాఖలో దిగి, ఆ సాయంకాలమే తిరుగు రైలు పట్టు విద్యార్థుల స్థితియు అటువంటిదే. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందరు విద్యార్థులను అట్లే తీసికొనిపోయితిమి. ఖర్చు తగ్గునని గొడుగులు, కుర్చీలు వద్దని మేమే నిర్ణయించితిమి. పదకొండు గంటల వేళ ఒక విద్యార్థి కన్నులు తిరిగి ఇసుకలో కూలబడినాడు. మేము దిక్కులు చూచుచుండగా పల్లీలు అమ్ము ఒక ముసలామె తన చినిగిన గొడుగును ఇటు వంచి, “ఇక్కడ కూకోబెట్టండి బాబూ” అన్నది. తన సీసాలోని నీళ్లు ఇచ్చినది. పిల్లవాడు తేరుకొన్న తరువాత డబ్బు ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. ఆమె వద్ద అందరికిని పల్లీలు కొన్నాము గాని, ఆ ఋణము తీరినదని అనుకొనలేకపోయితిమి. మేము మిగిల్చిన కొద్ది రూపాయలు ఒక పిల్లవాని ప్రాణము మీదికి తెచ్చెడివి.

తీరపు కుర్చీ పుట్టుకయే ఒక రోగి అవసరము నుండి కలిగినది. 1882లో జర్మనీ దేశమందలి రోస్టాక్ నగరమున బుట్టలల్లు విల్హెల్మ్ బార్టెల్మన్ వద్దకు కీళ్లవాతముతో బాధపడు ఒక స్త్రీ వచ్చి, గాలి, ఎండ తగలకుండ సముద్రపు ఒడ్డున కూర్చొనుటకు ఆసనము కావలెనని కోరినది. అతడు పైకప్పు గల అల్లిక కుర్చీని చేసి ఇచ్చినాడు. మరుసటి సంవత్సరమే అతని భార్య సమీపమందలి వార్నెమ్యుండె తీరమున అట్టి కుర్చీలను అద్దెకిచ్చు వ్యాపారము ప్రారంభించినది. నేడు వార్నెమ్యుండె విహారనౌకలు ఆగు రేవు. నౌక దిగినవారు నడచిపోయి ఆ కుర్చీలనే అద్దెకు తీసికొందురు.

గొడుగు పాతుటలోను కొంత శాస్త్రమున్నది. విశాఖ తూర్పు తీరము. ఉదయము సూర్యుడు సముద్రము వైపున ఉండును గనుక గొడుగు నీడ ఊరివైపు పడును. మధ్యాహ్నము తరువాత నీరు ఉన్న వైపునకు పడును. కావున ఉదయము వేసిన కుర్చీని అక్కడనే ఉంచిన, రెండు గంటలకు కూర్చున్నవాడు ఎండలో ఉండును, నీడ మాత్రము ఎదుట ఉండును. నీడతోపాటు కుర్చీని జరుపుకొనవలెను. పగలు నేల వేడెక్కిన కొలది గాలి సముద్రము నుండి బలముగా వీచును; కర్రను లోతుగా పాతి, గొడుగును గాలికి ఎదురుగా కొంచెము వంచవలెను. ఇసుకపై తడిచార ఎంతవరకు వచ్చినదో చూచి, దానికి పైన కూర్చొనవలెను. పోటు వేళ నీరు అంతవరకు వచ్చునని ఆ చారయే చెప్పును. నీడలో ఉన్నంత మాత్రమున ఎండ తగలదనుకొనరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము పొడి ఇసుక అతినీలలోహిత కిరణములలో సుమారు 15 శాతమును, సముద్రపు నురుగు సుమారు 25 శాతమును తిరిగి పైకి పంపును. తలగుడ్డ, నీళ్లసీసా గొడుగు క్రిందను అవసరమే.

చోటు ఎంచుకొనుటయు ముఖ్యము. రామకృష్ణా బీచి నగరమునకు ఆనుకొని యున్నది. కొద్ది గంటలే ఉన్నవారికి అది అనుకూలము. కాని అక్కడి లోగుంజు ప్రవాహములు ఎందరి ప్రాణములనో తీసికొన్నవి. ఒడ్డున కూర్చొనుటకే గాని నీటిలో దిగుటకు అది తగదు. భీమిలి దారిలోని ఋషికొండ తీరమునకు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు లభించినది. శుభ్రత, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొను గదులు, రక్షకులు ఆ గుర్తింపునకు కావలసిన నియమములలోనివి. దూరము ఎక్కువ గనుక రాకపోకల కాలమును ముందుగ తీసివేసి, మిగిలిన గంటలకే కుర్చీ అడుగవలెను. కూర్చొనక మునుపే అద్దె గంటకా, పూటకా, గొడుగు అందులో చేరినదా లేదా అని తేల్చుకొన్నచో లేచునప్పుడు తగవు ఉండదు.

ఇక ఇసుక ఎవరిదను ప్రశ్న. గ్రీసు దేశపు పారోస్ దీవిలో అద్దె కుర్చీలు తీరమంతయు ఆక్రమించినవని 2023 వేసవిలో స్థానికులు తువాళ్లు చేతబట్టి నిరసన తెలిపినారు. అదే సంవత్సరము జూలైలో మన ఋషికొండ తీరమున మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము వసూలు చేయుదమనుకొని, ప్రజలు అభ్యంతరము చెప్పగా విరమించుకొన్నారు. కుర్చీకి అద్దె న్యాయమే; దానిని మోసి, వేసి, తుడిచి, సాయంకాలము ఎత్తిపెట్టు మనిషికి అది కూలి. ఇసుకకు అద్దె న్యాయము కాదు. దుప్పటి పరచుకొని కూర్చొను కుటుంబమునకు, గంప దించుకొను పల్లీల ముసలామెకు తీరమున ఉన్న హక్కు నౌక దిగిన ధనికుని హక్కుకంటె తక్కువది కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటియే. రాబోవు విహారయాత్ర ఖర్చులో గొడుగులకు, కుర్చీలకు కొంత మొత్తమును ముందుగనే ప్రత్యేకింపవలెను. నలతగా ఉన్నవారికి మొదట అవి దక్కవలెను. ఇక విద్యార్థులారా, ఉప్పల్, నాచారము బస్సు స్టాపులలో మీరు గొడుగు విప్పినప్పుడు ప్రక్కన ఎండలో ఎవరు నిలిచియున్నారో ఒకమారు చూడుడు. విశాఖలో పేరైనను అడుగని ఒక ముసలామెకు మేము ఈయవలసినది ఇంకను మిగిలియున్నది. దానిలో కొంతయైన మీరు మా తరఫున చెల్లింపగలరు.