ఆర్థిక పత్రికారచన: శిక్షణకు దరఖాస్తు

2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన బేగంపేటనుండి ప్రయాణిక విమానములు శంషాబాదునకు తరలివచ్చినవి. ఇంచుమించు 5,500 ఎకరముల ఈ విమానాశ్రయమునకు వచ్చినవారు గాజుగోడలను, రన్‌వేను చూచెదరు. దానిని నిలిపిన అప్పును, వాటాలను, ఒప్పందమును చూచువారు తక్కువ. ఆ రెండవ చూపును నేర్పునదే ఆర్థిక పత్రికారచన. దానియందు శిక్షణ కోరు యువజనులకును, వారి తలిదండ్రులకును కొన్ని సంగతులు విన్నవింతును.

ఎచ్చట నేర్వవచ్చును? ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ 1954లోనే వెలసినది. కాని అది అన్ని విధముల వార్తలకును సంబంధించిన విద్య. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం, బ్లూంబర్గ్ సంస్థ తోడ్పాటుతో, వ్యాపార ఆర్థిక విషయములకే ప్రత్యేకించి ఒక డిప్లొమాను నెలకొల్పినది. న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయమున 1975లో వాల్టర్ బాజట్ పేర స్థాపింపబడిన ఫెలోషిప్ మిక్కిలి పేరుగన్నదే. అయినను అది పత్రికలలో కొన్ని యేండ్లు పనిచేసినవారికి ఉద్దేశింపబడినది. నిన్న పట్టా పుచ్చుకొన్న కుర్రవాడు దానికై ప్రయాసపడుట వ్యర్థము. నియమములు, రుసుములు ఏటేట మారును గనుక, ఆ యేటి ప్రకటనను చదువవలెను గాని నిరుడు చేరిన మిత్రుని మాటను నమ్మరాదు.

వాణిజ్యశాస్త్రము చదువలేదే యని వెనుదీయువారు పెక్కురు. ఈ భయము అనవసరము. కూడికలు, శాతములు తప్పులేకుండ చేయగలిగి, తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడకున్న చాలును.

దరఖాస్తులో ముఖ్యమైనది స్వయముగా వ్రాయవలసిన వ్యాసము. బాల్యమునుండియు పత్రికలనిన ప్రీతి యని అందరును వ్రాయుదురు. చదువువారికి అది విసుగు. దానికి బదులు ఒక ప్రశ్నను పట్టుకొని కడదాక పోవలెను. శంషాబాదు కుర్రవానికి ఆ ప్రశ్న వాకిటనే యున్నది. మేనమామ దుబాయి పోయిన టిక్కెట్టును తీసి చూచినచో, అందు యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అను పద్దు కనబడును. అది యెవరికి, ఎందుకు?

విమానాశ్రయము తెరచిననాడు జి.ఎం.ఆర్. సంస్థకు 63 వాటాలు, మలేషియా సంస్థకు 11, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల పక్షమున చెరి 13 నూటికి ఉండెను. రాష్ట్రప్రభుత్వము 315 కోట్ల వడ్డీలేని ఋణమును, 107 కోట్ల గ్రాంటును ఇచ్చెను. అనగా విమానము నెన్నడు ఎక్కని రైతు సొమ్మును ఇందు కలదు. ఇక ఫీజును నిర్ణయించునది 2009లో ఏర్పడిన నియంత్రణ సంస్థ. అచ్చటనే అసలు తగవు. విమానాశ్రయమునకు దుకాణములనుండి, వాహనములు నిలుపు స్థలమునుండి కూడ రాబడి కలదు. ఆ రాబడినంతయు లెక్కలో కలిపినచో ప్రయాణికునిపై భారము తగ్గును. కొంతయే కలిపినచో భారము పెరుగును, సంస్థకు లాభము మిగులును. అంతయు కలుపవలెనను పద్ధతిపై 2014 ఏప్రిల్ 1నుండి ఫీజు సున్నయని ఆదేశము వచ్చెను. సంస్థ న్యాయస్థానమున కెక్కెను. 2015లో ఫీజు తిరిగి వచ్చెను. 2016 నాటి పౌరవిమానయాన విధానము ఆ ఇతర రాబడిలో నూటికి 30 మాత్రమే కలుపుటను అంగీకరించినది. ఈ తగవును ఇరుపక్షముల వాదముతో రెండు పుటలలో తేటతెల్లము చేయగల అభ్యర్థిని ఏ విద్యాలయమును తేలికగా త్రోసిపుచ్చదు.

లెక్కలను చదువునప్పుడు అనుమానము కూడ అవసరము. 2009 జనవరి 7న మన హైదరాబాదు సత్యం కంపెనీ అధ్యక్షుడు స్వయముగా ఒప్పుకొన్నదేమనగా, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలో 5,040 కోట్లు లేనే లేవని. ఆడిటర్ల సంతకములు ఉండనే యుండెను. ఇంటర్వ్యూలో ఇట్టి ఉదంతమును గూర్చి అడిగినచో, మోసమునకు ఆశ్చర్యపడుటకన్న, ఏ పద్దును ఏ బ్యాంకులో విచారించి యుందురో చెప్పుట మేలు.

పరీక్షలో తరచు తడబడు చోట్లు రెండు. వడ్డీ 6 శాతమునుండి 8 శాతమైనచో పెరిగినది రెండు శాతాంశములు. శాతముగా చెప్పినచో మూడవ వంతు. నూరు కోట్లు ఒక బిలియను. ఇక గురువుగారి సిఫారసు ఉత్తరమును గడువునకు మూడు వారములు ముందే అడుగవలెను. ఆయనకు మీ వ్యాసపు నకలు నొకటి ఇచ్చి రండు.